దిగువ మానేరు జలాశయము: నీటి లెక్క, ఋణపు లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున కార్యవర్గమువారు నన్ను పిలిచి, ఏదైన ఒక ప్రాచీన కావ్యమును గూర్చి ప్రసంగింపుమని కోరిరి. నేను బడిలో కావ్యములు చదివినవాడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొని, రాత్రి ఈ గ్రంథాలయమునుండి కొనిపోయిన భారత భాగవతములను దీపము ముందర పెట్టుకొని, తెలియని మాటకు నిఘంటువు వెదకికొనుచు చదివినవాడను. కావున కావ్యవిమర్శనమునకు నేను తగను. నాకు తెలిసినది లెక్క. మనమందరము ప్రతిదినము ఉదయమున చెంబుతో ముంచుకొను నీటికి లెక్క చెప్పవలెనని నాకు చిరకాలముగా కోరిక యున్నది. ఆ నీరు దిగువ మానేరు జలాశయముది. నేటి నా విషయమదియే.

మొదట నదిని గూర్చి రెండు మాటలు. మానేరు గోదావరికి ఉపనది. పడమట మెట్టభూములలో పుట్టి, సిరిసిల్ల, కరీంనగరు ప్రాంతములమీదుగా తూర్పునకు ప్రవహించి, మంథని సీమలో గోదావరితో కలియును. ఇది హిమాలయములనుండి దిగి వచ్చు జీవనది కాదు. వానలు కురిసిన ఉరుకును, వానలు వెనుకబడిన ఇసుకలో దాగుకొనును. ఎండకాలమున ఇసుకలో చెలిమ త్రవ్వి, కొబ్బరిచిప్పతో నీరు తోడికొన్న ముసలివారు ఈ సభలో ఇప్పటికిని కలరు. పూర్వము ఈ నది యొడ్డుననున్న ఎలగందుల కోటయే ఈ సీమకు ముఖ్యస్థానము. కాకతీయులు, బహమనీలు, గోల్కొండ సుల్తానులు, మొగలులు, అసఫ్‌జాహీలు వరుసగా దానిని పాలించిరి. 1905వ సంవత్సరమున జిల్లా కేంద్రము ఎలగందులనుండి కరీంనగరమునకు మారెను. అధికారము కదలిపోయినను నది కదలలేదు. నేడు ఆ కోటచెంతకు జలాశయపు నీరు వచ్చి నిలిచినది.

నీటిని నిలుపుట మన సీమకు క్రొత్త విద్య కాదు. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు కాకతీయుల కాలమునాటివి. సప్తసంతానములలో తటాకమునకు స్థానమిచ్చిన జాతి మనది. సభాపర్వమున నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి కుశలప్రశ్నలు వేయుచు, నీ రాజ్యమున చెరువులు నిండుగా నున్నవా, సేద్యము వాననే నమ్ముకొని యుండుట లేదుగదా యని యడుగును. రాజు సేన ఎంత, కోశమెంత యని యడుగుటతో పాటు చెరువు సంగతి కూడ అడిగిన ఆ మహర్షి బుద్ధిని నేను ఎన్నియోసార్లు తలచుకొందును.

మానేరుమీద మొదట కట్టబడిన పెద్దకట్ట ఎగువ మానేరు. అది నర్మాల కడ నిజాము ప్రభుత్వ కాలమున ఆరంభమైన పని. దాని నిలువ సుమారు 2 టి.యం.సి.లు మాత్రమే. తరువాతి మార్పు గోదావరివలన వచ్చినది. 1963 జూలై 26వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసెను. దానికి తరువాత శ్రీరామసాగరమని పేరు పెట్టిరి. అక్కడినుండి బయలుదేరు కాకతీయ కాలువ 146వ కిలోమీటరు కడ మానేరు లోయను చేరును. ఆ స్థలమున, మోయతుమ్మెద వాగు మానేరుతో కలియు చోట, కరీంనగరు పట్టణమున కానుకొని, 1974 మొదలు 1985 వరకు దిగువ మానేరు ఆనకట్ట కట్టబడినది. కట్ట పొడవు సుమారు పదిన్నర కిలోమీటర్లు, వరద గేట్లు ఇరువది, పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 920 అడుగులు, నిలువ 24 టి.యం.సి.లు.

ఇంతకును ఈ జలాశయము చేయు పని యేమి? మన ఊరి గొలుసుకట్టు చెరువులను చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పై చెరువు మత్తడి పారిన నీరు క్రింది చెరువునకు వచ్చును. అటులే శ్రీరామసాగరపు నీరు కాలువ వెంట వచ్చి ఇచ్చట విశ్రమించి, మరల వరంగల్లు వైపు సాగును. మానేటి స్వంత వరద దీనికి తోడగును. కట్ట కూడ మన చెరువుకట్ట పద్ధతియే. గర్భమున నీరు దిగని బంకమన్ను దిమ్మిస చేసిరి, ఇరువైపుల గట్టిమట్టి పోసిరి, నీటి వైపున అలల దెబ్బకు రాతిపరపు పేర్చిరి. వరద పోవు చోట మాత్రము రాతికట్టడమును, దానిపై ఇనుపగేట్లను నిలిపిరి. మన చెరువునకు మత్తడి ఎట్టిదో, ఆ గేట్లు దీనికట్టివి. భేదమొక్కటియే. మత్తడి తనంత తాను పారును, గేటును మనుష్యుడు లేపవలెను. కావున ఇచ్చటి నీరటికాడు కన్నుమూయరాదు.

ఏమరినచో నేమగునో మన ఉత్తర సీమకు తెలియును. ఆదిలాబాదు సీమలోని కడెము ప్రాజెక్టు 1958వ సంవత్సరపు వరదలో తెగెను. 1995లో మరల తెగెను. 2022 జూలైలో తాను విడువగలిగిన దానికంటె అధికమైన వరద వచ్చి కట్టపై బడగా, క్రింది గ్రామములవారు ఇండ్లు విడిచి గుట్టలెక్కిరి. దైవవశమున కట్ట నిలిచినది. మన మానేరుమీదనే మధ్య మానేరు కట్ట, నిర్మాణదశలో నుండగా, 2016 సెప్టెంబరు వానలకు తెగి, దిగువ గ్రామములవారికి నిద్ర లేకుండ చేసినది.

ఇక నీటి లెక్క. టి.యం.సి. అను మాటను మనము దినపత్రికలలో చదువుదుము గాని, అది యెంతయో ఊహింపము. ఒక టి.యం.సి. యనగా నూరుకోట్ల ఘనపుటడుగులు, అనగా సుమారు 2,832 కోట్ల లీటర్లు. ఆ నీటిని ఒక్క అడుగు లోతున పరచినచో సుమారు 22,950 ఎకరములు నిండును. ఇట్టివి 24 ఈ జలాశయమున పట్టును.

ఇందులో కరీంనగరు పట్టణము త్రాగునది ఎంత? 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో పట్టణ జనాభా 2,61,185. నగరపాలక సంస్థలకు మనిషికి దినమునకు 150 లీటర్లని మిషన్ భగీరథలో పెట్టుకొన్న కొలత. హెచ్చవేసినచో దినమునకు సుమారు 3 కోట్ల 92 లక్షల లీటర్లు, సంవత్సరమునకు సుమారు 1,430 కోట్ల లీటర్లు అగును. అనగా అర టి.యం.సి. మాత్రమే. నిండు జలాశయములో నలువదియెనిమిదవ వంతు. జనాభా నాటికంటె పెరిగియున్నను, రెండింతలైనను, సుమారు ఒక్క టి.యం.సి. మాత్రమే. పట్టణపు దాహము చిన్నది, పొలముల దాహము పెద్దది. ఎండ, గాలి తీసికొనిపోవునది వేరు. అయినను ఎండిన యేట మొదట కాపాడవలసినది త్రాగునీరే. పంట ఒక కారు తప్పిన మరల వేయవచ్చును. గొంతునకు వాయిదా లేదు.

జలాశయములోని నీరు తిన్నగా మన కుళాయికి రాదు. దానిని యంత్రములతో తోడి, పటిక కలిపి మడ్డిని అడుగున దింపి, ఇసుకపడకలగుండ వడగట్టి, క్లోరిను చేర్చి, ఎత్తైన తొట్లకెక్కించి పంపుదురు. కరీంనగరమునకే కాక, సిద్దిపేటకు కూడ ఈ జలాశయపు నీటిని గొట్టముల వెంట కొనిపోయిరి. ఆ సిద్దిపేట పథకము తరువాత రాష్ట్రమంతటికి మేలుబంతియై, 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు సమీపమున ప్రారంభింపబడిన మిషన్ భగీరథకు దారి చూపెను. జలాశయము కంటికి కనబడు దూరములో నుండియు, మన వంటి పల్లెలు అంతకు ముందు అనేక సంవత్సరములు బోరింగు నీటినే త్రాగెనన్న మాట కూడ లెక్కలో వ్రాయవలసినదే.

ఇప్పుడు ఒక శాసనమును ప్రస్తావింతును. కడప జిల్లాలోని పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి కలదు. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు అచ్చట చెరువు కట్టించి, ఆ శాసనమును నిలిపెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు పని చేసినట్లు అందు చెప్పబడినది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములు, చెడ్డ చెరువునకు ఆరు దోషములు అందు లెక్కించిరి. కట్టనుండి నీరూరుట, చౌడునేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మెట్ట యుండుట, నీరు తక్కువై భూమి ఎక్కువగుట, భూమి తక్కువై నీరు ఎక్కువగుట. ఇవి యారు దోషములు.

ఇందు మూడవ దోషమును చదివినపుడు నేను పుస్తకము మూసి చాలసేపు ఆలోచించితిని. మన జలాశయము సరిహద్దున లేదు. కాని దాని ప్రాణము సరిహద్దు కవతల నున్నది. గోదావరి మహారాష్ట్రమున పుట్టినది. ఎగువన పైఠణు కడ జయక్వాడి లేచెను. తరువాత మరికొన్ని కట్టడములు లేచెను. జలముల పంపకమునకై 1969లో బచావత్ న్యాయాధికరణము ఏర్పడి, 1980లో తుదితీర్పు చెప్పెను. బాబ్లీ ఆనకట్ట తగవు సుప్రీం కోర్టు వరకు పోయి, 2013 ఫిబ్రవరిలో తీర్పు వచ్చెను. జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు ఆ ఆనకట్ట గేట్లు ఎత్తి యుంచవలెనని అందలి నియమము. శ్రీరామసాగరములోనికి ఒండ్రు చేరి, 112 టి.యం.సి.ల నిలువ 1994నాటి కొలతలో సుమారు 90కి తగ్గెను. ఎగువ కుండ చిన్నదైనపుడు దిగువ కుండ నిండుట ఎట్లు? 2015, 2016 సంవత్సరముల వేసవులలో మన జలాశయపు అడుగు నెఱ్ఱెలు వారుట మీరు చూచితిరి.

ఆ కొఱత తీర్చుటకు దిగువ గోదావరినుండి నీటిని మీదికెక్కించు కాళేశ్వర ప్రాజెక్టు 2019 జూన్ 21న ప్రారంభమైనది. ఎల్లంపల్లినుండి నందిమేడారము, రామడుగు పంపుల మీదుగా మధ్య మానేరునకు, అచ్చటినుండి దిగువ మానేరునకు నీరు చేరెను. 2023 అక్టోబరులో మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు కొన్ని క్రుంగినవి. ఆ తగవులోనికి నేను పోను. లెక్కలవానిగా ఒక్క మాట చెప్పుదును. పల్లమునకు తనంత తాను పారి వచ్చు నీటికి ఖర్చు లేదు. మీదికెక్కించిన ప్రతి చుక్కకు విద్యుత్తు ఖర్చు వ్రాయబడును. అట్టి నీటిని కుళాయి విప్పి వీధిలో విడుచుట, డబ్బును వీధిలో విడుచుటయే.

ఇంతవరకు జమ, ఖర్చు చెప్పితిని. ఖాతాలో ఇంకొక పద్దు మిగిలియున్నది. అది బాకీ.

పదిన్నర కిలోమీటర్ల కట్ట వెనుక నీరు నిలిచినదనగా, ఆ నీటి క్రింద ఊళ్లు, పొలములు ఉండినవి. అందు మా మేనమామల ఊరొకటి. నేను పసివాడనై యుండగా ఆ ఊరు ఖాళీ చేసిరి. ఇండ్ల దూలములు, దర్వాజలు ఊడదీసి బండ్లకెత్తిరి. గోడలను, బావిని, చింతచెట్లను, బొడ్రాయిని బండికెత్తుట వారికి చేతగాలేదు. మా అమ్మమ్మ ఇసుర్రాయిని వెంట తెచ్చుకొన్నది గాని, కరీంనగరములో అద్దెయింట దానిని తిప్పుటకు చోటు లేక గోడకు చేర్చి పెట్టినది. ఆ యింటికి కుళాయి వచ్చినది. మేము పిల్లలము ఆటలలో కుళాయి కట్టక విడిచిన, ఆమె లేచివచ్చి కట్టి, "ఇవి మన పొలం మీది నీళ్లు బిడ్డా, పారబోయకుండ్రి" అనెడిది. నాడు మాకది ముసలిదాని చాదస్తముగా తోచెను. నేడు నాకు ఈ జలాశయమును గూర్చి అంతకంటె సత్యమైన వాక్యము దొరకుట లేదు.

నాటి పరిహారము 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టము ననుసరించినది. ఆ చట్టము భూమికి వెల కట్టును. మనిషి ఎచ్చట బ్రదుకునని అది యడుగదు. పట్టా యున్నవానికి పద్దు కలదు. కౌలుకు దున్నినవానికి, కూలికి పోయినవానికి, ఏటి యిసుకలో పుచ్చతీగెలు పెట్టుకొన్నవానికి, చేపలు పట్టినవానికి, ఊరి కుమ్మరికి, చాకలికి పద్దు లేదు. రికార్డులో పేరు లేనివాడు నష్టపోయినట్లు కూడ రికార్డులో లేదు. 2013వ సంవత్సరపు చట్టము, 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి, పునరావాసమును హక్కుగా చేసెను. భూమి లేకున్నను ఆ భూమిపై బ్రదుకువానిని గుర్తించెను. కాని అది వచ్చునప్పటికి మనవారు చెదరి ముప్పదియేండ్లు దాటెను.

ఆ దుఃఖము దిగువ మానేరుతో ఆగలేదు. మధ్య మానేరు క్రింద కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి, అనుపురము, రుద్రవరము, చీర్లవంచ మొదలైన గ్రామములు మునిగినవి. మన బంధువులు వారిలో నున్నారు.

పూర్వకాలమున చెరువు కట్టినవానికి దాని క్రింది భూమిలో దశబంధమని ఒక భాగము మాన్యముగా నిచ్చెడివారు. చెరువును బాగుచేయు భారము కూడ వానిదే. నీటికి మూలమైనవానికి నీటిలో భాగముండవలెనను న్యాయము దానియందున్నది. భూమినిచ్చిన గ్రామములకు మనమే దశబంధమిచ్చితిమి? భగీరథుడు తన పితరుల బూడిదమీద గంగను పారించి, వారికి సద్గతి కలిగించెను. మన ముంపు గ్రామములవారు తమ పితరుల సమాధులమీద, మట్టిమీద నీటిని నిలువనిచ్చి, ఎవరికో దాహము తీర్చిరి. భగీరథుని పేరు పెట్టుకొన్న పథకపు నీరు త్రాగువారము వీరిని మరచుట తగునా?

కట్ట కట్టరాదని నేననుట లేదు. ఎండిన సీమలో నీరు నిలిపినవారికి నమస్కరింపవలసినదే. చెలిమ కడ రాత్రులు జాగరము చేసిన తల్లుల కష్టమును ఈ జలాశయము తీర్చినది. ఆయకట్టు క్రింది రైతు నాలుగు మెతుకులు తినుచున్నాడు. మేలును మేలుగా వ్రాయుదము. బాకీని బాకీగా వ్రాయుదము. ఒకదానిని వ్రాసి రెండవదానిని విడిచినచో అది లెక్క కాదు.

ఇంకొక మాట. భాగవతమున కాళియుడు మడుగులో విషము కలుపగా, ఆ నీరు త్రాగిన గోవులు, గోపబాలురు నేలకొరిగిరి. నేడు వేరొక కాళియుడు రానక్కరలేదు. పండుగనాడు రంగులు పూసిన విగ్రహములను, విహారమునకు వచ్చి ప్లాస్టికు సంచులను, సీసాలను నీటిలో విడుచువారము మనమే. జలాశయములోనికి వచ్చు వాగులలో మురుగు విడుచువారము మనమే. ఆ నీటినే మరునాడు పటిక వేసి మన బిడ్డలకు త్రాగింతుము. ఉజ్వల పార్కులోనికి పోయి కట్టపై చల్లగాలి పీల్చువారు ఒక్కసారి ఈ మాట తలచుకొందురు గాక.

ఇక నా మనవి. మన సీమ రాతిపై వ్రాసి చరిత్రను నిలుపుకొన్న సీమ. కురిక్యాల బొమ్మలగుట్టపై జినవల్లభుడు పదవ శతాబ్దమున వ్రాయించిన శాసనమందు తెలుగు కందపద్యములున్నవి. వేయేండ్లు దాటినను ఆయన పేరు మనకు తెలియుటకు కారణము, ఎవరో వ్రాయుటయే. మునిగిన గ్రామముల పేర్లు, వాటి వాడలు, బావులు, గుళ్లు, దర్గాలు, పొలముల పేర్లు, జాతరలు తెలిసినవారు నానాటికి తగ్గుచున్నారు. పట్టాలో పేరు లేనివాని పేరు ఎవరి జ్ఞాపకములో నున్నదో, వారు పోయిన అదియు పోవును.

కావున ఈ రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథాలయమున ఒక పెద్ద చిట్టా తెరువవలెనని కోరుచున్నాను. ఒక్కొక్క మునిగిన గ్రామమునకు ఒక్కొక్క అధ్యాయము. అందు ఇంటింటి పేరు, వృత్తి, వారిప్పుడున్న చోటు వ్రాయుదము. పాత పహాణీ నకళ్లు, పెండ్లిపత్రికలు, ఛాయాపటములు ఉన్నవారు తెచ్చియిచ్చిన, ప్రతులు తీసికొని మరల భద్రముగా నిత్తుము. చదువు రాని తల్లులు నోటితో చెప్పిన చాలును, బడిపిల్లలు వ్రాసికొందురు. లెక్క తప్పకుండ చూచుట నా వంతు. మొదటి పుటలో మా మేనమామల ఊరును వ్రాయుటకు అనుమతి వేడుచున్నాను.

ఆ పుస్తకము పూర్తియైననాడు నారదుడు మన ఊరికి వచ్చి, చెరువులు నిండుగా నున్నవా యని యడిగిన, ఉన్నవని చెప్పి, అవి ఎవరి పొలములమీద నిండినవో కూడ చూపగలుగుదుము.